కుట్టు మచ్చ మీది గర్భము

2017 నవంబరులో హైదరాబాదు మెట్రో రైలు తొలిసారి కదలినది మియాపూర్ నుండి. అంతకు చాల మునుపే మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయములలో పనిచేయు యువదంపతులకు నివాసభూమియైన ఈ ప్రాంతము నేడు మదీనాగూడ మొదలు బాచుపల్లి దాక అపార్టుమెంట్లతో నిండిపోయినది. ఆ అపార్టుమెంట్ల నీడలోనే, రహదారికి ఇరువైపుల, ప్రసూతి ఆసుపత్రులును, స్కానింగ్ సెంటర్లును, సంతాన సాఫల్య కేంద్రములును వెలసినవి. అట్టి ఒక స్కానింగ్ గదిలో బల్లపై పరుండిన ఒక తల్లిని ఊహింతము. వయస్సు 31. నాలుగేండ్ల కొడుకు కలడు. నెల తప్పి రెండు వారములైనది. ఇంటిలో చేసికొన్న పరీక్షలో రెండు గీతలు వచ్చినవి. నిన్నటి నుండి కొంచెము రక్తపు మరక కనబడుచున్నదే కాని నొప్పి యేమియు లేదు. స్కాన్ చేయు వైద్యురాలు యంత్రమును సవరించుకొనుచు, "ముందు కాన్పు నార్మలా, ఆపరేషనా అమ్మా?" అని అడుగును. "ఆపరేషనే మేడమ్" అని ఈమె చెప్పును.

వినువారికి అది మాటవరుసకు అడిగిన ప్రశ్నవలె తోచును. కాని, తెలంగాణమున గర్భవతియైన స్త్రీని అడుగదగిన ప్రశ్నలలో ఇంతకంటె బరువైనది వేరొకటి లేదని నా నమ్మకము. ఈ అధ్యాయమంతయు ఆ ప్రశ్నకు వ్యాఖ్యానమే.

స్త్రీబీజము ఫలదీకరణము చెందునది గర్భాశయములో గాదు, దానికి ఇరుప్రక్కల చేతులవలె చాచుకొని యుండు అండవాహికలలో. అక్కడినుండి పిండము అయిదారు దినములు మెల్లగా ప్రయాణము చేసి గర్భాశయపు మెత్తని లోపొరను చేరి, అందు పాతుకొనును. దారిలో అడ్డంకి యున్నను, నాళము లోపలి సన్నని నూగు పూర్వమెప్పుడో సోకిన వ్యాధిచేతనో, మన దేశమున నేటికిని తరచుగా కనబడు జననేంద్రియ క్షయచేతనో చెడిపోయినను, పిండము నడుమనే ఆగిపోయి, ఆగినచోటనే వేరూనును. ఇట్లు నిలువరాని చోట నిలిచిన గర్భమును అస్థానగర్భ మనవచ్చును. ఆసుపత్రులలో ఎక్టోపిక్ అనియు, ఇండ్లలో "ట్యూబులో గర్భం" అనియు అందురు. నూరు గర్భములలో ఇంచుమించు ఒకటి రెండు ఇట్టివి. వానిలో పదింట తొమ్మిదికి పైగా నాళములలోనివే గనుక ఇంటివారు పెట్టిన పేరు చాలవరకు సత్యమే. అయితే ఆ పేరే ఒక్కొక్కప్పుడు తప్పుదారి పట్టించును. "ట్యూబులో లేదు, లోపలే ఉంది" అనిన మాట వినగానే ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొందురు. లోపల ఎక్కడ అని అడుగువారుండరు. నాళములో గాక మిగిలిన కొలదిపాటి అస్థానగర్భములు, అనగా గర్భాశయపు మూలలో నాళము కండరమును చీల్చుకొని వచ్చు సందులోనివి, గర్భాశయగ్రీవములోనివి, అండాశయములోనివి, ఉదరకుహరములోనివి, ముందటి ఆపరేషను కుట్టు మచ్చ మీదివి, అరుదైనవని గ్రంథములు చెప్పును. అరుదను మాట దేశకాలములను బట్టి మారునది. కుట్టు మచ్చ మీది గర్భము విషయమున ఆ మార్పు మన కన్నుల యెదుటనే జరుగుచున్నది.

2019 నుండి 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారము భారతదేశమంతట నూరు కాన్పులలో 21.5 సిజేరియన్లు కాగా, తెలంగాణమున 60.7. దేశములో ఇంత హెచ్చు సంఖ్య మరే రాష్ట్రమునను లేదు. ఆంధ్రప్రదేశమున 42.4. తెలంగాణపు ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే వేరుచేసి చూచినచో ఆ సంఖ్య 81.5 అగుచున్నది. వీనిలో తల్లినో బిడ్డనో కాపాడిన శస్త్రచికిత్సలు ఎన్నియో యుండును. వానిని తప్పుపట్టుట అవివేకము. కాని పురిటినొప్పుల భయముచేత, పురోహితుడు పెట్టిన ముహూర్తమునకు బిడ్డ పుట్టవలెనను కోరికచేత, వేచియుండుటకు ఎవరికిని తీరిక లేమిచేత జరుగునవియు లేకపోలేదని ఈ నగరమున ఎరుగనివారు లేరు. తొలి కాన్పు దాటినందుకు అందరును సంతోషింతురు. కుట్టు మానును. ఆ మానిన మచ్చ గర్భాశయములో జీవితాంతము ఉండునన్న సంగతి మాత్రము ఇల్లు చేరిన తరువాత ఎవరికిని గుర్తుండదు.

గర్భాశయపు దిగువభాగమున, మూత్రాశయమునకు సరిగా వెనుక, అడ్డముగా కోసి కుట్టిన చోట కండరము కొందరిలో పలుచబడి, లోపలివైపు చిన్న గూడువంటి పల్లము ఏర్పడును. పిండము ఆ పల్లములో చిక్కుకొనుట యాదృచ్ఛికమే. అటుపిమ్మట జరుగునది మాత్రము యాదృచ్ఛికము కాదు. మాయకు మూలమగు కణములు స్వభావముచేతనే చొచ్చుకొనిపోవునవి. తల్లి రక్తనాళములను వెదకి పట్టుటయే వాని పని. ఆరోగ్యవంతమైన గర్భాశయపు లోపొర వానికి చోటిచ్చును, హద్దును చూపును. మచ్చ మీద ఆ లోపొర లేదు, ఉన్నను చాలదు. గట్టు తెగిన మడిలోనికి వచ్చిన నీటివలె ఆ కణములు కండరములోనికి, కండరము దాటి మూత్రాశయపు గోడ దాకను పోగలవు. ఇట్టి గర్భమును 1978లో దక్షిణాఫ్రికాలో లార్సెన్, సాలొమన్ అను వైద్యులు మొదట వర్ణించిరి. అటుపైన చాలకాలము ఒక్కొక్కటిగా వైద్యపత్రికలకెక్కుచు వచ్చిన ఈ స్థితి, ఈ శతాబ్ది ఆరంభమున లండనులోను తైవానులోను వేసిన అంచనాలలో, సుమారు 2000 గర్భములకు ఒకటిగా తేలినది. పదింట ఆరు కాన్పులు కోతతో జరుగు చోట దీనిని ఎన్నడో ఒకనాడు చూడబోవు వింతగా భావించి కూర్చుండుట వైద్యులకు తగదు.

మన స్కానింగ్ గదికి మరల వత్తము. పొట్టపైనుండి చూచు స్కాన్ ఇక్కడ చాలదు. యోనిమార్గమున చేయు లోపలి స్కాన్ అవసరము. సిగ్గుచేతను, గర్భము జారిపోవునేమో నన్న అపోహచేతను దీనిని నిరాకరించు స్త్రీలు కలరు. దీనివలన గర్భమునకు హాని లేదని ఓపికతో చెప్పుట కూడ చికిత్సలో భాగమే. వైద్యురాలు తెరపై వెదకునది ఇది: గర్భాశయపు పైభాగము ఖాళీగా నున్నదా, గ్రీవమార్గము ఖాళీగా నున్నదా, గర్భసంచి ముందుగోడలో మచ్చ స్థానమున ఒదిగి యున్నదా, సంచికిని మూత్రాశయమునకును నడుమ కండరము ఎంత మిగిలినది, రంగుల డాప్లరులో ఆ చోట రక్తప్రవాహము దట్టముగా మెరయుచున్నదా? మూత్రాశయములో కొంచెము మూత్రము నిలిపియుంచినచో ఆ గోడ మరింత స్పష్టముగా కనబడును.

ఇక్కడ రెండు పొరపాట్లకు తావున్నది. గర్భస్రావమగుచు క్రిందికి జారుచున్న సంచి కూడ ఈ చోటనే కనబడవచ్చును. అయితే అది చుట్టును రక్తప్రసారము లేక, స్కాన్ కొనతో మెల్లగా నొక్కినప్పుడు కదలిపోవును. మచ్చలో నాటుకొన్నది కదలదు. రెండవ పొరపాటు ఇంకను సూక్ష్మమైనది. ఆరు, ఏడు వారములలో క్రిందనున్న సంచి, తరువాత పెరుగుచు, పైనున్న ఖాళీలోనికి విస్తరించును. తొమ్మిదవ వారమున చూచువారికి అది చక్కగా గర్భాశయములోనున్న గర్భమువలెనే కనబడును, కాని మాయ వేళ్లు మాత్రము మచ్చలోనే దిగియుండును. విత్తుటకు అదను ఉన్నట్లే చూచుటకును అదను ఉన్నది. పూర్వము ఆపరేషనైన స్త్రీ నెల తప్పిన రెండు మూడు వారములలోపల స్కాన్ చేయించుకొనవలెనని గట్టిగా చెప్పుటకు కారణమిదియే. పన్నెండవ వారపు స్కానులో చూతములే యని ఆగినచో, చూడవలసినది మాయమై, పడవలసిన చిక్కు మాత్రము మిగులును.

ఆ చిక్కు చిన్నది కాదు. మచ్చ పలుచనైనదై సంచి మూత్రాశయమువైపు ఉబికినచో, తొలి మూడు నెలలలోనే గర్భాశయము చిట్లి ప్రాణాంతకమైన రక్తస్రావము కలుగవచ్చును. లోపలివైపు పెరిగినదైనచో నెలలు గడచి, బిడ్డ సజీవముగా పుట్టుటయు అసంభవము కాదు. అయితే మాయ కండరములో ఇరుకుకొనిపోయి, కాన్పువేళ ఊడిరాక, గర్భాశయమునే తీసివేయవలసిన పరిస్థితి తరచుగా ఏర్పడును. అందుచేతనే అమెరికాలోని మాతృ-భ్రూణ వైద్యసంఘము 2020లో ఇచ్చిన సలహాలో ఈ గర్భమును కొనసాగించుట మేలు కాదని చెప్పినది. ఆ సలహాను గ్రంథములో చదువుట వేరు. తెరపై గుండె కొట్టుకొనుచున్న పిండమును చూచిన తల్లితో, తలుపు వెలుపల నిలిచిన భర్తతో, ఊరినుండి వచ్చిన అత్తగారితో చెప్పుట వేరు. "గుండె కొట్టుకుంటోంది కదా డాక్టరుగారూ, ఇంకో రెండు వారాలు చూద్దామా?" అని వారు అడుగుదురు. అడుగుట సహజము. గడువు పెరిగినకొలది సంచి పెరుగును, రక్తనాళములు పెరుగును, అపాయము పెరుగును. ఈ పెరుగుదలను వారికి తెరపైననే చూపి, తల్లి ప్రాణము, ఇంటనున్న బిడ్డ, మునుముందు మరియొక గర్భమునకు గల అవకాశము, ఈ మూడింటిని వారి యెదుట నుంచి, తొందరపెట్టక, ఆలస్యమును చేయనీయక మాటలాడగల వైద్యుడు ఏ శస్త్రమునకును తీసిపోని సాధనము చేతనున్నవాడు.

చికిత్స యనగానే గర్భాశయమును గీకి శుభ్రపరచు పాతపద్ధతి స్ఫురించును. మచ్చ మీది గర్భమునకు గ్రుడ్డిగా ఆ పని యొక్కటే చేయుట అపాయకరము. అక్కడ సంకోచించి రక్తనాళములను బిగించు కండరము లేదు గనుక రక్తము ధారగా పోవును. స్కానులో చూచుచు పీల్చివేయుట, సంచిలోనికి సూదితో మందు ఎక్కించుట, బుడగ గల గొట్టమును పెట్టి లోపలినుండి ఒత్తిడి కలిగించుట, లాప్రోస్కోపుతో మచ్చను కోసి గర్భమును తీసి గోడను మరల కుట్టుట, రక్తస్రావ భయము హెచ్చుగా నున్నచో గర్భాశయ ధమనులను ముందుగా మూయుట, ఇవి నేటి మార్గములు. ఏది తగునో సంచి పరిమాణమును, కండరపు మందమును, ఆ ఆసుపత్రిలో చేయి తిరిగినవారెవరను దానిని బట్టి నిర్ణయింతురు. రక్తము సిద్ధముగా లేని చోట, ఆపరేషన్ థియేటరు ప్రక్కన లేని చోట ఇందులో దేనిని మొదలిడుటయు తగదు.

సంచిలోనికి ఎక్కించు ఆ మందు మెథోట్రెక్సేట్. దీని కథ చెప్పక ముందుకు పోవుటకు నాకు మనసొప్పదు. ఏలయన అది ఒక తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చినది.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదివి, ఖద్దరు ధరించిన పట్టుదలకు ఫలముగా ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమును పొంది, 1922లో బోస్టను నగరమును చేరెను. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను జీర్ణవ్యాధితో అకాలమృతి నొందిరి. ఇంచుమించు ఆ దశకము చివరనే, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అక్కడి మిల్లు కార్మికులైన గర్భిణీస్త్రీలకు వచ్చు రక్తహీనత ఈస్టు సారముతో కుదురుటను గమనించి, అందేదో ఒక పోషకపదార్థము కలదని లోకమునకు తెలిపెను. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లము. దానిని కృత్రిమముగా తయారుచేసినది 1945లో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన బృందము. స్ప్రూ చికిత్సలోను అది ఉపకరించినది. ఫోలిక్ ఆమ్లమునకు రూపమున కవలయై, గుణమున విరోధియగు పదార్థములను కూడ ఆ బృందమే నిర్మించెను. వానిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పసివారికిచ్చి 1948లో ఫలితములను ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు 53వ ఏట కన్నుమూసెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్, వేగముగా విభజన చెందు కణములకు ఫోలేటును అందనీయక వానిని నిలిపివేయును. మాయకణములు అట్టివే. 1956లో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ అనువారు మాయకణములనుండి పుట్టు క్యాన్సరును ఈ మందుతో కుదుర్చగలిగిరి. 1982లో జపానులో టనాకా, ఆయన సహచరులు దీనిని తొలిసారిగా అస్థానగర్భమునకు వాడి సఫలులైరి.

ఆ తొలి ప్రయోగము నాళపు సాధారణ భాగములోని గర్భమునకు గాక, అరుదైన రకమునకే జరుగుట గమనింపదగినది. గర్భాశయపు మూలలో నాళము కండరము గుండా పోవు ఒకటి రెండు సెంటీమీటర్ల సందులో నిలిచిన గర్భమది. చుట్టును కండరముండుటచేత అది సాధారణ నాళగర్భముకంటె ఎక్కువ వారములు నొప్పి లేకుండ పెరుగగలదు. గర్భాశయ, అండాశయ ధమనులు కలియు కూడలి అదియే గనుక చిట్లినచో రక్తస్రావము భీకరము. శస్త్రచికిత్సలో ఆ మూలను కోయుట తప్పదు. కోసినచో గర్భాశయమున మరియొక మచ్చ మిగులును. కోతను తప్పించుటకే నాడు ఆ మందు వైపు చూచిరి.

నెల తప్పిన నాటినుండి ప్రతి స్త్రీయు ఆశతో మ్రింగు చిన్న మాత్ర ఫోలిక్ ఆమ్లము. గర్భము నిలువరాని చోట నిలిచినప్పుడు ఇచ్చు సూది దాని ప్రతిరూపము. ఈ రెంటికిని వెనుక భీమవరపు మనిషి ఉండుట తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును. సూది వేయునాడు మాత్రలు మానవలెనని వైద్యులు చెప్పుటకు కారణము కూడ ఇదియే; విరోధికి విరుగుడును మనమే అందింపరాదు. మెథోట్రెక్సేట్ అందరికిని తగదు. రక్తపుపోటు నిలకడగా నుండవలెను, లోపల చిట్లియుండరాదు, కాలేయము, మూత్రపిండములు, రక్తకణములు సరిగా నుండవలెను. గుండె కొట్టుకొనుచున్న గర్భమున దీని విజయము తక్కువ. మచ్చ మీది గర్భమున చేతికో తుంటికో వేసిన సూదిని మాత్రమే నమ్ముకొనరాదని 2020 నాటి సలహాయే చెప్పుచున్నది.

గ్రీవగర్భము, అండాశయగర్భము, ఉదరగర్భము ఇంకను అరుదు. వీనిని గుర్తించు లక్షణములను అండాశయమునకు 1878లో స్పీగెల్బెర్గ్, గ్రీవమునకు 1911లో రూబిన్, ఉదరమునకు 1942లో స్టడిఫర్డ్ నిర్దేశించిరి. అవి యన్నియు ఆపరేషనులోనో, తీసివేసిన అవయవమును సూక్ష్మదర్శినిలో చూచిన పిమ్మటనో సరిపోల్చుకొనవలసినవి. రూబిన్ లక్షణములను నిరూపించుటకు గర్భాశయమే చేతికి రావలెను. నాటి స్త్రీకి వ్యాధినామము తెలియునప్పటికి అవయవము పోయెడిది. నేటి స్త్రీకి అవయవము దక్కుట ఆ పేరు ముందుగా తెలియుటచేతనే. ఉదరగర్భములో మాయ ప్రేగులకో పెద్ద రక్తనాళములకో అంటుకొనియుండుటచేత, బిడ్డను తీసి మాయను అక్కడనే వదలివేయుట ఒక్కొక్కప్పుడు ఉత్తమము. పదవ శతాబ్దిలో కార్డోవా వైద్యుడు అల్ జహ్రావీ, ఒక స్త్రీ పొట్టమీది వ్రణమునుండి శిశువు ఎముకలు వెడలుట చూచి వ్రాసి పెట్టినది ఇట్టి గర్భమును గూర్చియే.

మియాపూర్ సందర్భమున విస్మరింపరాని రకము ఇంకొకటి కలదు: గర్భాశయములో ఒకటి, వెలుపల మరియొకటి, ఏకకాలమున రెండు గర్భములు. సహజముగా 30,000 గర్భములకు ఒకటియని పాత లెక్క. సంతాన సాఫల్య చికిత్సలలో, ఒకటికంటె ఎక్కువ పిండములను ప్రవేశపెట్టినప్పుడు, ఇది ఎన్నోరెట్లు హెచ్చు. పిండమును వైద్యులు స్వహస్తములతో గర్భాశయములోననే ఉంచినను అది నాళములోనికి పోగలదు. స్టెప్టో, ఎడ్వర్డ్స్ 1976లో ప్రకటించిన ఐవీఎఫ్ గర్భము, అనగా శరీరము వెలుపల ఫలదీకరణము చేసి ప్రవేశపెట్టినది, నాళములోనిదే. ఈ జంటగర్భములో రక్తపరీక్ష సాయపడదు. గర్భమును సూచించు బీటా హెచ్‌సీజీ 48 గంటలకు చక్కగా పెరుగుచునే యుండును, ఏలయన లోపలి గర్భము ఆరోగ్యముగానే యున్నది. లోపల సంచి కనబడగానే "అంతా బాగానే ఉంది" అని యంత్రమును ప్రక్కకు నెట్టుట ఇక్కడ జరుగు పొరపాటు. ఎన్నో యేండ్ల నిరీక్షణకు, లక్షల రూపాయల వ్యయమునకు ఫలముగా వచ్చిన ఆ లోపలి బిడ్డను కాపాడవలసియుండుటచేత మెథోట్రెక్సేట్ ఈయరాదు. లాప్రోస్కోపుతో నాళమును తొలగింతురు. సకాలమున చేసినచో లోపలి బిడ్డ నిండునెలలు మోయబడి పుట్టుట అరుదు కాదు.

వీనియన్నిటికంటె నన్ను కలవరపెట్టునది మందులదుకాణము. గర్భము వద్దనుకొన్నవారు స్కాన్ లేకుండ, చీటీ లేకుండ మాత్రల కిట్టు కొని మ్రింగుదురు. ఆ కిట్టులోని మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అస్థానగర్భమును తొలగింపజాలవు. అయినను గర్భాశయపు లోపొర రాలి రక్తము పోవుటచేత పని పూర్తియైనదని తలంతురు. రెండు మూడు వారముల తరువాత, ఆఫీసులోనో మెట్రోలోనో, కడుపులో పొడిచినట్లు నొప్పియు, కన్నులు తిరుగుటయు, భుజము కొనయందు వింతనొప్పియు వచ్చును. ఆ భుజపునొప్పి, కడుపులో చేరిన రక్తము ఉదరవితానమును తాకుటవలన కలుగునది. కండరము పట్టినదని తైలము రాయవలసిన నొప్పి కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైన 108 సేవకు ఫోను చేయవలసిన నొప్పి.

మనము ఊహించిన తల్లి సంచి ఆరవ వారముననే కనబడినది. చూచుచు పీల్చివేసి, బుడగతో రక్తము నాపిరి. ఇంటికి పోయిన తరువాతను వారమునకొకసారి రక్తపరీక్ష చేయించుకొని, బీటా సంఖ్య గర్భము లేని స్థాయికి దిగువరకు ఆమె వేచియుండవలెను. అందులకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలే పట్టును. ఆమె రక్తపు గ్రూపు నెగటివ్ ఐనచో యాంటీ-డి సూది మరువరాదు. మరల గర్భమునకు ఏడాదికి పైగా ఆగమందురు. ఆ యేడాదిలో ఈ కుటుంబము బెంగుళూరుకో డల్లాసుకో బదిలీ కావచ్చును. ఈ ప్రాంతపు కుటుంబములకు అది కొత్త కాదు. డిశ్చార్జి కాగితమును ఫోనులో ఫోటో తీసి పెట్టుకొమ్మని వైద్యురాలు చెప్పును. మూడవసారి నెల తప్పిన పిమ్మట, గర్భపు ఆరవ వారమున, ఏ దేశపు స్కానింగ్ గదిలోనైనను, ఎవరును అడుగకమునుపే ఆమె ఆ ఫోటోను తెరచి చూపవలెను.